చెప్పిన నోరు – రాసిన చెయ్యి

ఐర్లండులో ఇప్పుడు యాభై దాటినవాళ్ళ దగ్గర "పెగ్ సేయర్స్" అని ఒక్క పేరు చెప్పి చూడండి. చాలామంది చేదుమాత్ర మింగినట్టు మొహం పెడతారు. పాపం, ఆవిడ చేసిన నేరమల్లా తన బతుకు కథ చెప్పుకోవడం. ఆ కథ 1936లో పుస్తకమైంది. ఆ పుస్తకం బడిపిల్లలకి పాఠమైంది. 1990ల దాకా తరాలకి తరాలు దాన్ని చదివి, ప్రశ్నలకి జవాబులు రాసి, మార్కులు పోగొట్టుకుని, ఆవిణ్ణి తిట్టుకున్నాయి. పరీక్షకోసం చదవాల్సివస్తే ఎవరి కష్టం మీదా మనకి జాలి రాదు గదా! చంద్రమతి కష్టాలైనా సరే, సందర్భసహిత వ్యాఖ్య రాయమంటే విసుగే పుడుతుంది.

కానీ ఆవిడ కథ విసుక్కోవలసింది కాదు. 1873లో ఐర్లండుకి నైరుతి మూల, కెర్రీ జిల్లాలో, డన్‌క్విన్ అనే పల్లెలో పుట్టింది. చిన్నతనంలోనే దగ్గరి పట్నంలో పరాయి ఇంట పనికి కుదిరింది. ప్రాణస్నేహితురాలు అమెరికా వెళ్తూ, ఓడఖర్చు పంపిస్తాను, నువ్వూ వచ్చెయ్యమని మాటిచ్చింది. ఆ పిల్లకి అక్కడ చెయ్యి పాడై సంపాదన లేకపోయింది. డబ్బు రాలేదు. ఇక మిగిలింది పెళ్ళి. ఒక రాత్రి ముగ్గురు మగవాళ్ళు ఇంటికొచ్చి కూచున్నారు. ఆ ముగ్గురిలో పెళ్ళికొడుకెవరో ఈవిడకి తెలియదు! మన పెళ్ళిచూపుల్లో పిల్ల తలెత్తకపోయినా, "అదిగో, ఆ నీలం చొక్కా అతనే" అని చెవిలో వూదడానికి ఏ పిన్నికూతురో వుండేది. పెగ్‌కి అదీ లేదు. పెద్దవాళ్ళు సరేనన్నారు, తనూ సరేనంది. 1892లో సముద్రం దాటి గ్రేట్ బ్లాస్కెట్ అనే దీవికి కాపరానికి వెళ్ళింది. చెట్టూ చేమా లేని దీవి. అంగడి లేదు, గుడి లేదు, వైద్యుడు లేడు. అందరికీ దిక్కు సముద్రమే. కన్న పిల్లల్లో కొందరు పసితనంలోనే పోయారు. ఎదిగిన కొడుకొకడు పొయ్యిలోకి కంపకోసం వెళ్ళి కొండకొమ్ము మీంచి పడిపోయాడు. ఆ దేహాన్ని తల్లే తన చేతులతో సర్దింది. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే అమెరికా ఓడ ఎక్కారు.

ఇదంతా ఆవిడ రాయలేదు, చెప్పింది. ఎందుకంటే ఆవిడకి బళ్ళో నేర్పింది ఇంగ్లీషు అక్షరాలు. మాట్లాడేది ఐరిష్ భాష. తన నోట్లో వున్న భాష తన చేతికి రాదు. కొడుకు మైకేల్ కూచుని రాసుకున్నాడు. భాషాభిమానంతో దీవికి వస్తూపోతూ వుండే డబ్లిన్ ఆవిడ ఒకావిడ ఆ రాతప్రతిని దిద్ది అచ్చు వేయించింది. ఆ దిద్దడంలోనే వుంది తంటా అంతా. పెగ్ మామూలుగా గొప్ప మాటకారి. ఆవిడ చుట్టూ చేరి జానపదకథలు సేకరించేవాళ్ళు వందలకొద్దీ రాసుకున్నారు. వాటిలో నవ్వులాటలున్నాయి, చిలిపితనం వుంది, కాస్త ముతక హాస్యమూ వుంది. పుస్తకంలోకి వచ్చేసరికి ఆ మనిషి సగం మాయమై, కష్టాలకి ఓర్చుకుని దేవుణ్ణి తలుచుకునే తల్లి మాత్రం మిగిలింది. పిల్లలు తిట్టుకున్నది ఆ మిగిలిన ఆవిణ్ణి.

అదే దీవిలో తోమాస్ ఓ క్రిహన్ అనే జాలరి రాసుకున్న ఆత్మకథకీ ఇదే గతి పట్టింది. 1929లో అచ్చయినప్పుడు సంపాదకుడు కొన్ని ఘట్టాలు కత్తిరించాడు. పూర్తి పాఠం అచ్చవడానికి 2002 దాకా ఆగవలసివచ్చింది. ఆ 1929లోనే ఐర్లండు ప్రభుత్వం పుస్తకాల నిషేధానికి చట్టం కూడా చేసింది మరి. కత్తిరించినవాళ్ళని దుర్మార్గులనడానికి నాకు నోరు రాదు. వాళ్ళు పూనుకోకపోతే ఆ పుస్తకాలే వుండేవి కావు. 1953లో ప్రభుత్వం ఆ దీవిలో మిగిలిన గుప్పెడుమందినీ ఒడ్డుకి చేర్చేసింది. ఇప్పుడక్కడ పాడుబడ్డ గోడలూ, చూడవచ్చే యాత్రికులూను. ఆ పుస్తకాలే లేకపోతే, అక్కడ మనుషులు ఎట్లా నవ్వారో ఎట్లా ఏడ్చారో మనకి తెలిసే దారి ఏది?

అయినా మనసొప్పదు. చెప్పినమాట ఎవరిది? చెప్పిన నోటిదా, రాసిన చేతిదా, దిద్దిన కలానిదా?

ఇది నాకు పుస్తకాల్లో ఎదురైన ప్రశ్న కాదు. రైల్లోనూ, పెళ్ళిళ్ళలోనూ నా పక్కన కూచున్న ఆడవాళ్ళు "నా కథ రాస్తే నవలవుతుందండీ" అని మొదలుపెడతారు. రెండు స్టేషన్లు దాటేలోపల మనసు ఖాళీ చేస్తారు. దిగబోతూ, పెట్టె చేత్తో పట్టుకుని, వెనక్కి తిరిగి "రాసేరు సుమండీ, రాయకండేం!" అంటారు. రాయమన్న మాటా నిజమే, వద్దన్న మాటా నిజమే. నేనెప్పుడూ రెండోమాటే పాటిస్తాను. కానీ ఆ మొదటిమాట ఎక్కడికి పోతుంది? అదీ ఎవరో ఒకరు వినాలనే గదా అన్నారు.

మధ్యలో ఎవరూ లేకుండా తన చేత్తో తనే రాసుకుంటే ఏ గొడవా వుండదంటారా? అట్లా రాసుకున్నావిడా వుంది. కిల్డేర్ జిల్లాలో బాలిటోర్ అనే చిన్న వూరు. అక్కడ మేరీ లెడ్‌బీటర్ అని క్వేకర్ల ఆడపడుచు. క్వేకర్లంటే ఏ పక్షానా కత్తి పట్టని క్రైస్తవశాఖ. వాళ్ళ తాతగారు పెట్టిన బళ్ళోనే ఎడ్మండ్ బర్క్ చదువుకున్నాడు – మన దేశంలో చేసిన అక్రమాలకి వారన్ హేస్టింగ్స్‌ని పార్లమెంటు ముందు నిలబెట్టిన ఆ బర్కే. మేరీ 1769లో, ఇంకా చిన్నపిల్లగా వుండగానే రోజువారీ సంగతులు రాసుకోవడం మొదలుపెట్టింది. పెళ్ళయ్యాక వూళ్ళో తపాలా కచేరీ నడిపింది. ఇంక వూరి సంగతులు తెలియకేం!

1798లో ఐర్లండులో పెద్ద తిరుగుబాటు లేచింది. చరిత్ర పుస్తకాల్లో అది సేనాపతుల పేర్లతో వుంటుంది. మేరీ రాతల్లో వీధిపేరుతో వుంటుంది. ముందు సైనికులు వచ్చి వూళ్ళో ఇళ్ళల్లో దిగారు. తరవాత తిరుగుబాటుదార్లు వచ్చారు – వాళ్ళలో ముఖపరిచయం వున్నవాళ్ళూ వున్నారు. మళ్ళీ సైన్యం వచ్చింది. ఇళ్ళు తగలబెట్టింది. వూరి వైద్యుణ్ణి చంపేసింది. ఆ తరవాత చాలారోజులు తను తినే తిండిలో నెత్తురు రుచి తెలిసిందని రాసుకుంది మేరీ. ఎంతమంది చచ్చారో చెప్పే అంకెల పట్టీ చదివి నేనెప్పుడూ కంచం ముందునుంచి లేవలేదు. ఈమాట చదివినరోజు లేచాను.

మరి ఆవిడ బతికుండగా ఆ వూరి కథ అచ్చయిందా? లేదు. ఆవిడ 1826లో పోయింది. పుస్తకం వచ్చింది 1862లో. ఇరుగుపొరుగుల మధ్య బతికేవాళ్ళు, ఎవరు ఎవర్ని పట్టిచ్చారో తెలిసినవాళ్ళు, బతికుండగా అన్నీ అచ్చు వేయించగలరా? కలం తన చేతిలోనే వున్నా గుమ్మం అవతల వూరుందిగా.

బహుశా వూరు దాటి వచ్చేస్తే ధైర్యం వస్తుందేమో. దీనికి మన మదనపల్లెలోనే ఒక సాక్ష్యం వుంది. మార్గరెట్ కజిన్స్ పేరు మీరు వినే వుంటారు. 1878లో ఐర్లండులోని బోయిల్ అనే వూళ్ళో పుట్టింది. ఆడవాళ్ళకి ఓటుహక్కు కావాలని 1908లో స్నేహితురాళ్ళతో కలిసి సంఘం పెట్టింది. 1910లో లండన్‌లోనూ, 1913లో ఐర్లండులోనూ జైలుకి వెళ్ళింది. 1915లో భర్తతో మన దేశం వచ్చేసింది. భర్త జేమ్స్ మదనపల్లె కళాశాలలో పనిచేస్తుండగా, 1919లో ఠాగూరు అక్కడికి వచ్చినప్పుడు, "జనగణమన" పాడే తీరుకి స్వరాలు రాసిపెట్టింది ఈవిడే. తరవాత మన ఆడవాళ్ళ సంఘాలు పెట్టింది, మద్రాసులో మేజిస్ట్రేటు అయింది, మన స్వాతంత్ర్యంకోసం 1932లో వెల్లూరు జైలు కూడా చూసింది. భార్యాభర్తలిద్దరూ కలిసి రాసుకున్న ఆత్మకథ 1950లో మద్రాసులో అచ్చయింది. అందులో, పెళ్ళయిన కొత్తలో దాంపత్యమంటే ఏమిటో తెలిసి తనకి కలిగిన వెగటు సంగతి కూడా దాచకుండా రాసింది. పక్కనే భర్త రాసిన పేజీలు! అప్పటి ఐర్లండులో ఏ పల్లెటూరి ఇల్లాలైనా ఆమాట పైకి అనగలిగేదనుకోను. వేల మైళ్ళ దూరం, డెబ్భై ఏళ్ళ వయసు, చదివి నవ్వని మొగుడు – ఈ మూడూ వుంటే గానీ ఒక ఆడది ఉన్నదున్నట్టు రాయలేకపోయింది. ఎంతమందికి దొరుకుతాయండీ ఈ మూడూ?

ఇక చదువుకోనివాళ్ళ మాటకొద్దాం. 1937 నుంచి 1939 దాకా ఐర్లండులో ఒక ముచ్చటైన పని జరిగింది. జానపద సంపద సేకరించడానికి ప్రభుత్వం పెట్టిన సంస్థ, దేశంలోని అయిదువేల బళ్ళల్లో పై తరగతుల పిల్లలకి పని అప్పగించింది. మీ ఇంట్లో అమ్మమ్మనీ తాతనీ అడిగి రాసుకురండి, అని. వూరిపేరు ఎట్లా వచ్చింది, పిల్లల ఆటలేమిటి, జలుబుకి ఏ పసరు పోస్తారు, బంగాళాదుంపలు ఎట్లా నాటుతారు, కరువునాటి సంగతులేమిటి. యాభైవేలమంది పిల్లలు రాశారు. అసలు నోటుబుక్కులూ, వాటినుంచి ఎత్తిరాసినవీ కలిపి ఏడు లక్షల పేజీలు దాటాయి.

అందులో వెన్న చిలికే సంగతి నాకు భలే నచ్చింది. ఇంట్లో మజ్జిగ చిలుకుతూ వుండగా ఎవరైనా గుమ్మంలోకి వస్తే, వాళ్ళు కూడా ఓ నాలుగు తిప్పులు తిప్పి మరీ వెళ్ళాలట. లేకపోతే వెన్న వాళ్ళవెంట పోతుందట! దిష్టి ఎక్కడైనా దిష్టే కాబోలు. 1845లో మొదలైన బంగాళాదుంప కరువులో పదిలక్షలమంది చచ్చారనీ, మరో పదిలక్షలమంది దేశం వదిలిపోయారనీ చరిత్ర చెబుతుంది. ఆ చచ్చినవాళ్ళని ఏ చేను గట్టున పాతిపెట్టారో, ఏ ఇంటి ఇల్లాలు గంజి పోసిందో, ఎవరు తలుపు వేసుకున్నారో, అది అమ్మమ్మలు చెబితే పిల్లలు రాశారు.

అయితే పదకొండేళ్ళ పిల్లలచేత రాయించే ప్రశ్నల్లో కొన్ని సంగతులు వుండవు. పెళ్ళికాకుండా తల్లయిన ఆడపిల్ల ఏమైపోయింది అని ఏ మాస్టారు ఏ పిల్లని అడగమంటాడు? చెప్పే నోరుంది, రాసే చెయ్యుంది, అడిగే మనిషి లేడు.

మగవాళ్ళ యుద్ధం సంగతి మాత్రం శ్రద్ధగానే అడిగారు. 1916 ఈస్టర్ తిరుగుబాటు నాటికి మన వి.వి.గిరిగారు డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదువుతున్నారు. ఆ ఏడే ఆయన్ని దేశం వదిలి పొమ్మన్నారు. ఆ పోరాటంలో వున్నవాళ్ళని 1947 నుంచి పదేళ్ళపాటు కూచోబెట్టి, 1,773 వాంగ్మూలాలు రాయించుకున్నారు. ఆడవాళ్ళవి అందులో పదోవంతు కూడా లేవు. 1959లో అన్నిటినీ ఇనప్పెట్టెల్లో పెట్టి తాళం వేశారు. తీసింది 2003లో. ముందు నాకు ఇది ఘోరమనిపించింది. ఆలోచిస్తే, ఆ తాళం వుందన్న ధైర్యంతోనే కొందరు నోరు విప్పి వుంటారు. తాళం వేయడం వేరు, కత్తిరించడం వేరు. తాళం వేసినవాడు ఆ మాట ఎవరిదో ఒప్పుకున్నట్టే.

ఇప్పుడు 1984 సంగతి. జనవరి 31న, లాంగ్‌ఫర్డ్ జిల్లా గ్రనార్డ్ అనే చిన్న వూళ్ళో, పదిహేనేళ్ళ బడిపిల్ల మేరీమాత విగ్రహం వున్న గుహ దగ్గర, చలిలో, ఒంటరిగా బిడ్డని కన్నది. బిడ్డ పోయింది. ఆ సాయంత్రానికి పిల్లా పోయింది. ఆ పేరు ఐర్లండులో అందరికీ తెలుసు. నేనిక్కడ రాయను. ఆ పిల్ల తన కథ ఎవరినీ చెప్పమనలేదు.

అప్పట్లో ఐర్లండు రేడియోలో పొద్దుటిపూట గే బర్న్ అనే ఆయన కార్యక్రమం వచ్చేది. వంటిళ్ళల్లో గిన్నెలు కడుక్కుంటూ ఆడవాళ్ళంతా వినే కార్యక్రమం. ప్రభుత్వోద్యోగంలో వున్న ఆడపిల్ల పెళ్ళాడితే ఉద్యోగం వదిలెయ్యాలన్న నిబంధన అక్కడ 1973 దాకా వుంది, అందుకని ఇళ్ళల్లో వినేవాళ్ళకి కొదవలేదు. ఈ వార్త వచ్చాక ఆయనకి ఉత్తరాలు మొదలయ్యాయి. పదీ ఇరవై కాదు, కుప్పలు. నాకూ ఇట్లాగే జరిగింది, అని. నలభై ఏళ్ళకిందట జరిగింది, మావారికి ఇప్పటికీ తెలియదు, అని. ఒంటరిగా కన్నవాళ్ళు, బిడ్డని ఎత్తుకుపోతుంటే ఏడవడానికి కూడా వీల్లేకపోయినవాళ్ళు. ఫిబ్రవరిలో ఒక రోజు ఆ ఉత్తరాలని వరసగా రేడియోలో చదివారు. పేర్లు లేవు. మాటలు మాత్రం వాళ్ళవే.

ఆ పొద్దున్న ఆ వంటిళ్ళని ఊహించుకోండి. రేడియోలో తన ఉత్తరమే చదువుతున్నారు. పక్కన మొగుడు టీ తాగుతూ "అయ్యో పాపం, ఎవరో" అంటున్నాడు. ఈవిడ గిన్నె కడుగుతూనే వుంది. పేరు లేకపోతే ఏమిటి? ఇన్నాళ్ళకి ఆ మాట ఆవిడ గొంతు దాటి బయటికి వచ్చింది, దేశమంతా వింది, ఒక్క అక్షరం ఎవరూ దిద్దలేదు. పెగ్‌కి దొరకనిది ఆవిడకి దొరికింది.

దాంతో అన్నీ మారిపోయాయనడం తప్పు. విడాకులకి 1995లో గానీ జనం సరేననలేదు, అదీ వెంట్రుకవాసి తేడాతో. గర్భస్రావం మీద 1983లో రాజ్యాంగంలో పెట్టిన నిషేధం 2018 దాకా వుంది. అది పోవడానికి ముందు, 2012లో, మన పక్క కర్ణాటకనుంచి వెళ్ళిన దంతవైద్యురాలు సవితా హలప్పనవర్ గాల్వేలో చనిపోవలసివచ్చింది. ఆమె భర్త నోరు విప్పి చెప్పాడు గనక ఆ చావు లోకానికి తెలిసింది.

చివరికి ప్రభుత్వమే అడిగింది. పెళ్ళికాని తల్లుల్ని వుంచిన సంస్థల మీద 2015లో విచారణసంఘం వేసింది. వాళ్ళు పరిశీలించిన పద్ధెనిమిది చోట్ల సుమారు తొమ్మిదివేలమంది పిల్లలు చచ్చిపోయారని 2021 జనవరిలో నివేదిక వచ్చింది. ప్రధానమంత్రి క్షమాపణ చెప్పాడు. సుమారు అయిదువందల యాభైమంది, ముసలితనంలో, వణికే గొంతులతో వచ్చి ఈ సంఘం ముందు తమ కథలు చెప్పుకున్నారు. కొందరు ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పనివి. ఆ గొంతుల్ని రికార్డు చేశారు. నివేదిక రాయడం అయ్యాక ఆ రికార్డుల్ని చెరిపేశారు! రహస్యం కాపాడటానికి అన్నారు. మేమట్లా అడగలేదే, అన్నారు చెప్పినవాళ్ళు. నివేదికలో చూసుకుంటే మేము చెప్పింది ఇది కాదు, అని కూడా అన్నారు కొందరు. ఈ కలకలంలో వెతగ్గా వెతగ్గా దాచివుంచిన నకళ్ళలో ఆ గొంతులు దొరికాయి.

రహస్యం పేరుతో చెరిపెయ్యడం మాత్రం నాకు పెగ్ పుస్తకాన్ని కత్తిరించడంకన్నా పెద్ద తప్పుగా కనిపిస్తుంది. పెగ్ సంపాదకురాలు మాట కొంత పోగొట్టినా మనిషిని నిలబెట్టింది. ఇక్కడ, నోరు విప్పడానికి యాభై అరవై ఏళ్ళు తీసుకున్న మనిషిని పిలిచి, చెప్పించుకుని, మళ్ళీ నోరు మూశారు. రహస్యం ఎవరిదో వాళ్ళని అడగాలిగా! రైల్లో ఆవిడ "రాయకండేం" అంటే నేను రాయను. ఆవిడ అనకుండా నేనే అనేసుకుని ఆవిడ మాటని పారేస్తే, అది మర్యాద ఎట్లా అవుతుంది?

ఆ సంఘం పుట్టడానికి కారణం ఒక గృహిణి. గాల్వే జిల్లా ట్యూమ్ దగ్గర వుండే కాథరిన్ కార్లెస్. సాయంత్రం తరగతులకి వెళ్ళి స్థానికచరిత్ర మీద ఇష్టం పెంచుకుంది. తన వూళ్ళో సన్యాసినులు 1925 నుంచి 1961 దాకా నడిపిన తల్లీబిడ్డల గృహం గురించి ఆరా తీసింది. అక్కడ పోయిన పిల్లల్ని ఎక్కడ పూడ్చారని అడిగితే ఎవరూ చెప్పలేదు. రిజిస్ట్రారు కచేరీకి వెళ్ళి మరణపత్రాలు అడిగింది. పత్రానికి నాలుగు యూరోలు. సొంత డబ్బు పెట్టి ఒక్కొక్కటే తెచ్చుకుంది. మొత్తం 796. ఒక్కొక్క పత్రంలో ఒక పేరు, వయసు, తేదీ, జబ్బు పేరు – అంతే. ఆ పిల్లలు ఏమీ చెప్పలేదు, చెప్పే వయసు కూడా కాదు. కాథరిన్ ఆ పేర్లన్నీ వరసగా రాసుకుంది. 2025 జులైలో ఆ స్థలంలో తవ్వకం మొదలుపెట్టారు. చెల్లెలో తమ్ముడో అందులో వున్నారేమోనని, డెబ్భైలూ ఎనభైలూ దాటిన అక్కలూ అన్నలూ గుర్తుపట్టడానికి పనికొస్తుందని తమ నమూనాలు ఇచ్చి, కబురుకోసం ఎదురుచూస్తున్నారు.